వాసన పట్టే తల్లులు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన చక్కెర మిల్లు డైరెక్టరు ఒరెస్తెస్ గారికి, బస్సు దొరక్క ట్రాక్టరు ట్రాలీ ఎక్కి ఇంత ఎండలో వచ్చిన ప్రాంతీయ కార్యాలయం అతిథులకు, సాంతా ఒలాయా ఊరి పెద్దలకు, కోత మేస్త్రీలకు, బాయిలరు దగ్గరి మిత్రులకు, అందరికంటే ముందు చెప్పవలసి ఉండీ మర్యాద కోసం చివర చెబుతున్న నా ఈగల ఇంటి ఆడవాళ్లకు నా నమస్కారాలు.

ఒరెస్తెస్ గారు నా గురించి చాలా గొప్పగా చెప్పారు. కాకపోతే పోయిన ఏడాది బాయిలరు మేస్త్రీ పదవీ విరమణ సభలో కూడా ఇవే మాటలు విన్నట్టు గుర్తు. ‘నిరంతరం మండే హృదయం’ అన్న ముక్క ఆయనకైతే అతికింది గాని, ఈగలు పెంచుకునే దాన్ని, నాకెందుకండీ ఆ మంట? (నవ్వులు)

ముందు వరసలో తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్న మా ఆయన ఎవెలియో ఇప్పుడే పక్కనున్న మా ఈగల ఇంటి మిగ్దాలియాను ఒక మాట అడిగారు. చాలామంది విన్నారు. “ఈ మాట్లాడే ఆవిడ ఎవరమ్మా?” అని. వెనక కూర్చున్నవాళ్లు సంగతి తెలియక నవ్వారు. ముందున్నవాళ్లు తల దించుకున్నారు. నవ్వినవాళ్లు బాధపడకండి. ఆయన ఏ సభలో అయినా అదే అడిగేవారు, కాకపోతే ఒకప్పుడు గొంతు తగ్గించి అడిగేవారు. మిగ్దాలియా జవాబు కూడా విన్నాను. “ఆవిడ నెరేయిదా అన్నా, మన ఈగలావిడ” అంది. దానికి ఆయన, “బాగానే మాట్లాడుతోంది గానీ, పొడుగ్గా మాట్లాడే రకమా?” అన్నారు.

పొడుగ్గానే మాట్లాడతాను ఎవెలియో. ఈ ఒక్కరోజుకీ ఓపిక పట్టు.

నేను ఈ ఊరి దాన్ని కాదు. కాఫీ తోటల కొండల్లోంచి, చదువు అయీ అవగానే, ఒక చెక్కపెట్టె పట్టుకుని ఇక్కడికి వచ్చాను. ఇక్కడ మనం పెంచే ఈగను ప్రపంచమంతా క్యూబా ఈగ అంటుంది. మనకు మాత్రం వట్టి ఈగే. చూడ్డానికి ఇంట్లో తిరిగే ఈగకు చిన్న చెల్లెలిలా, బూడిద రంగులో, ఏ ప్రత్యేకతా లేకుండా ఉంటుంది. చెరకును తొలిచే పురుగు గడలోకి దూరి కూర్చుంటే దాన్ని మనం ఏ మందుతోనూ అందుకోలేం. ఈగ పిల్ల మాత్రం లోపలికి పాకి, ఆ పురుగు ఒంట్లోకి దూరి, దాన్ని తిని పెరుగుతుంది. ఆ ఈగల్ని పెంచి పొలాల్లో వదలడం నా ఉద్యోగం అని చెప్పినప్పుడు మా అమ్మ మొహం చూడాలి మీరు. “చదివించింది ఇందుకా?” అంది. (నవ్వులు)

ఎవెలియో అప్పటికే ఇక్కడ పొలం పనికి పెద్ద. చెరకు కొట్టే ఇంట్లో పుట్టి, చెరకు మధ్యనే పెరిగి, తర్వాత చదువుకున్న మనిషి. మొదటి వారంలోనే మా ఇద్దరికీ గొడవ.

“ఇంతకీ ఈగకి పురుగు ఎలా తెలుస్తుంది?” అని నేనడిగాను.

“చూస్తుంది, పట్టుకుంటుంది. అంతకంటే ఏముంది?” అన్నారు.

“పురుగు గడ లోపల ఉంటే ఎక్కణ్ణుంచి చూస్తుంది? బయట కనపడేది బెజ్జం, దాని ముందు పురుగు తోసిన పెంట. అంతే కదా?”

“అయితే నీ ఈగ పెంట మీద మోజుపడి వస్తుందంటావు?”

“అంటాను.”

“అమ్మాయ్, కాఫీ కొండల మీంచి నిన్న దిగావు. చెరకు సంగతి నీకేం తెలుసే?”

చెరకు సంగతి తెలియదు, ఒప్పుకున్నాను. పరీక్ష పెట్టడం మాత్రం తెలుసు. రెండు లాంతరు గాజుబుడ్లు తెచ్చాను. ఒక దాంట్లో బతికున్న పురుగును పెట్టాను, కానీ ముందు దాన్ని నీళ్లలో శుభ్రంగా కడిగాను, ఏ వాసనా మిగలకుండా. రెండో దాంట్లో అసలు పురుగే లేదు. తడి రంపపు పొట్టులా ఉండే ఆ పెంటను నీళ్లలో నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్లలో ముంచిన కాగితం ముక్క ఒకటి వేశాను. రెండింటిలోనూ కడుపుతో ఉన్న ఈగల్ని వదిలాం. ఎవెలియో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన వెనక ఈగల ఇంటి ఆడవాళ్లంతా పని మానేసి నిలబడ్డారు, కొత్తపిల్ల ఓడిపోతే చూద్దామని. నువ్వూ ఉన్నావు మిగ్దాలియా, తల అడ్డంగా ఊపకు.

కడిగిన పురుగు మీద ఈగ గోడ మీద నడిచినట్టు నడిచి, ఆ పక్కకు వెళ్లిపోయింది. రెండో బుడ్డిలోని ఈగ కాగితం మీద వాలి, ఒక్కసారిగా ఆగింది. ముందుకాళ్లతో కాగితాన్ని తట్టింది. అక్కడక్కడే తిరిగింది. మళ్లీ తట్టింది. తర్వాత కడుపు వంచి తన పిల్లల్ని అక్కడ పెట్టేసింది. ఈ ఈగ గుడ్లు పెట్టదు, మీకు తెలుసు, పిల్లల్నే పెడుతుంది. దారప్పోగు చివరల్లాంటి ఆ పిల్లలు తలలెత్తి, పురుగు ఎక్కడుందా అని అటూ ఇటూ వెతకడం మొదలుపెట్టాయి. అక్కడ పురుగు లేదు. వాసన ఒక్కటే ఉంది.

దూరం నుంచి ఈగను పిలిచేది గాయపడిన చెరకు వాసన అనీ, దగ్గరికి వచ్చాక బెజ్జం ముందున్న పెంటను కాలితో తాకితే గాని తల్లి పిల్లల్ని దించదనీ తర్వాత చాలా పరీక్షలు చేసి తెలుసుకున్నాం. ఆ తల్లి ఏనాడూ పురుగును చూడదు. గుమ్మం దగ్గర పిల్లల్ని విడిచి వెళ్లిపోతుంది. లోపలి దారి పిల్లలే వెతుక్కోవాలి.

ఆ రోజు నేను గెలిచాను, గెలిచానని పొంగిపోయాను. ఎవెలియో మాత్రం ఆ కాగితం బయటికి తీసి, సన్న కుంచెతో ఒక్కొక్క పిల్లనీ ఎత్తి, పక్క బుడ్డిలోని పురుగు మీద వదలడం మొదలుపెట్టారు.

“ఏం చేస్తున్నారు?” అన్నాను.

“తల్లిని మోసం చేశాం, సరే. పిల్లల్ని ఆకలితో చంపడం ఎందుకూ?” అన్నారు.

ఆ మాట విన్నాకే ఆయన్ని పెళ్లి చేసుకోవాలని నేను నిర్ణయించుకున్నాను. ఆ సంగతి ఆయనకు తెలియడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. (నవ్వులు, చప్పట్లు)

మా కాపురం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లలు కలగలేదు. పొద్దున కాఫీ ఆయన పెట్టేవారు, రాత్రి అన్నం, నల్ల చిక్కుళ్లు నేను వండేదాన్ని. ఆదివారం ఆయన డామినోలు ఆడేవారు, ఓడిపోయేవారు. కరెంటు లేని ఏళ్లలో ఈగల గది చల్లారిపోతుంటే ఇద్దరం ఇంట్లో దుప్పట్లు తెచ్చి బోనుల మీద కప్పి, మేం చలికి ఒకరినొకరు ఆనుకుని కూర్చునేవాళ్లం. ఇంతకంటే చెప్పుకోదగ్గ సంసారం నేను ఎక్కడా చూడలేదు.

ఇక ఆ చెడ్డ సంవత్సరం సంగతి చెప్పాలి. ఒరెస్తెస్ గారు ఇంకా రాని రోజులవి. పెట్టెల కొద్దీ ఈగల్ని పొలాల్లో వదులుతూనే ఉన్నాం, చెరకు మాత్రం లోపల్నుంచి ఎర్రబడి కుళ్లిపోతూనే ఉంది. ఏ గడ చీల్చినా పురుగు హాయిగా కూర్చుని ఉండేది. మిల్లులో రసం పులిసిపోతోందని గోల. అప్పటి డైరెక్టరు గారు ఒకరోజు ఈగల ఇంట్లోకి వచ్చి, బోనులన్నీ ఒకసారి తేరిపార చూసి, “ఇంతమంది ఆడవాళ్లు పగలంతా కూర్చుని ఈగల్ని మేపుతున్నారు, ఈగలేమో పొలంలోకి షికారుకెళ్తున్నాయి. దీన్ని మూసేసి ఎరువుల గోడౌన్ చేసుకుందాం” అన్నారు.

అదే సాయంత్రం ఎవెలియో కాగితం ముక్క ఒకటి పెంటనీళ్లలో ముంచి, మన ఈగల బోనులో పెట్టారు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఒక ఈగ వాలింది, నడిచింది, వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది, వెళ్లిపోయింది. ఎన్నో ఏళ్ల కిందట కడిగిన పురుగు మీద నడిచినట్టే, గోడ మీద నడిచినట్టే.

“నెరే, వీటికి వెతకడం రావట్లేదే,” అన్నారు ఆయన.

“ఎందుకు రాదు?”

“అవసరమెప్పుడొచ్చిందే వీటికి? కడుపు కోసి పిల్లల్ని తీసేది మనం. కుంచెతో పురుగు మీద పెట్టేది మనం. వాసన పట్టగలిగే తల్లి పిల్లలూ బతికాయి, పట్టలేని తల్లి పిల్లలూ బతికాయి. తరాల తరబడి మనమే అన్నీ అమర్చి పెట్టి వీటిని ఇలా చేశాం.”

మర్నాడు డైరెక్టరు గారి గదిలో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఆయన చెప్పింది ఒక్కటే: “తప్పు ఈగది కాదు సార్, మా పెంపకానిది. అడవి ఈగల్ని తెచ్చి మళ్లీ మొదలుపెడతాం. వచ్చే కోతల దాకా ఆగండి. అప్పటికీ కుదరకపోతే గోడౌన్‌కి తాళం నేనే వేస్తాను.” ఆ పెద్దమనిషి సణిగారు గాని, ఆగారు. ఆ మాత్రం మేలు ఆయన చేశారు, కాదనను.

అడవి ఈగలు కావాలంటే ఏటి అవతల వదిలేసిన పాత చెరకు పొలాలకే వెళ్లాలి. అక్కడ ఏళ్ల తరబడి ఎవరూ ఏదీ వదల్లేదు, ఏదీ చల్లలేదు. ఉన్న ఈగలు వాటంతట అవి బతికినవి. ఈగల ఇల్లు మొత్తం కత్తులు పట్టుకుని బండెక్కాం. గడలు చీల్చడం, లోపల గోధుమరంగు గింజల్లా ఉండే ఈగ గూళ్లు దొరికితే తడి నాచులో చుట్టి దాచడం, అదే పని. చెరకు మనిషెత్తు దాటి ఉంది, ఆకులు మొహాలు కోసేస్తున్నాయి. ఎవరి సాలులోకి వాళ్లం దూరాం.

పొద్దు వాలాక అందరం బండి దగ్గరికి చేరాం. ఎవెలియో రాలేదు.

మొదట ఎవరికీ కంగారు లేదు. ఆయన పుట్టిన గుడిసె ఆ పొలం గట్టు మీదే ఉండేది. అక్కడి కాలువలు, దారులు ఆయనకు ఇంట్లో గదుల్లాంటివి. పిలిచాం. మళ్లీ పిలిచాం. మిగ్దాలియా గొంతు సంగతి మీకు తెలుసు, మిల్లు కూతే చిన్నబోతుంది, అది కూడా పిలిచి పిలిచి బొంగురుపోయింది. చివరికి పాత రైలుకట్ట మీద దొరికారు. పట్టాలు ఎప్పుడో పీకేశారు, వట్టి కట్టే ఉంది. దాని మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉన్నారు.

“ఇక్కడేం చేస్తున్నావు?” అన్నాను.

“రైలు ఇంకా రాలేదేం?” అన్నారు.

“ఏ రైలు ఎవెలియో?”

“చెరకు రైలు. నాన్న దాంట్లోనే కదా వస్తాడు.”

మంచినీళ్లు ఇవ్వమ్మా యుస్లేదీ. చాలు.

మిగ్దాలియా ఆయన్ని చెయ్యి పట్టుకుని లేపింది. “ఎండ దెబ్బ తగిలిందన్నా నీకు, టోపీ పెట్టుకోమంటే వినవు” అని తిడుతూ బండి దాకా నడిపించింది. ఏడుపు ఆపుకోవడానికి తిడుతోందని నాకు తెలుసు. బండి మీద ఆయన చొక్కా జేబులు తడిమి చూశాను. రెండు జేబుల నిండా తడి నాచులో జాగ్రత్తగా చుట్టిన గూళ్లు ఉన్నాయి, ఒక్కటి కూడా నలగలేదు. దారి తెలియలేదు గాని, పని తప్పలేదు. మా అందరికంటే ఎక్కువ ఆయనే ఏరారు. ఈ రోజు మన ఈగల ఇంట్లో ఎగిరేవన్నీ చాలావరకు ఆ జేబుల్లోంచి వచ్చినవాటి సంతతే.

ఇంటికి వచ్చాక ఆయన మామూలుగానే ఉన్నారు. అన్నం తిన్నారు. పడుకోబోయే ముందు అన్నారు, “నెరే, మిగ్దాలియా మంచి మనిషి. కానీ నేను ఆ పొలంలో పుట్టాను. అది ఎండ దెబ్బ కాదు.”

అప్పటినుంచి ఈగల ఇంట్లో పద్ధతి మార్చాం. ప్రతి తరంలోనూ తల్లి ఈగల ముందు తడి కాగితం పెట్టడం, వాసన పట్టి వచ్చి ఆగినవాటినే తల్లులుగా ఉంచుకోవడం, ప్రతి కోతల కాలంలోనూ ఏటి అవతలి నుంచి కొత్త ఈగల్ని తెచ్చి కలపడం. నెమ్మదిగా పొలాలు తేరుకున్నాయి. గోడౌన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెద్ద ఊళ్ల నుంచి మనుషులు వచ్చి మాకు పూలు ఇచ్చారు, మాతో ఫొటోలు దిగారు. ఆ ఫొటోల్లో ఎవెలియో మధ్యలో నిలబడి చాలా మర్యాదగా నవ్వుతూ ఉంటారు. ఎందుకు పూలు ఇస్తున్నారో ఆయనకు అప్పటికే తెలియదు.

ఆయన్ని కొన్నాళ్లు నాతోపాటే ఈగల ఇంటికి తీసుకొచ్చాను. ఈ ఆడవాళ్లు ఆయన్ని సొంత అన్నలా చూసుకున్నారు. బోనుల గుడ్డలు మడతపెట్టే పని ఇచ్చారు. ఆయన మడతపెట్టినవి వెనక్కి తిరిగి విప్పి, మళ్లీ తెచ్చి ముందర పెట్టేవాళ్లు, పని అయిపోతే దిగులుపడతారని. డామినో మిత్రులు కూడా మొదట్లో ఇంటికి వచ్చేవారు. తర్వాత తగ్గారు. ఈ హాల్లో వాళ్లూ ఉన్నారు, నిష్ఠూరంగా అనడం లేదు. పేరు మరిచిపోయిన మనిషి ముందు కూర్చోవడం కష్టమే, నాకు తెలియనిది కాదు.

ఒక విషయం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాసన చూపిస్తే పోయిన జ్ఞాపకాలు తిరిగి వస్తాయని ఎవరో అంటే నాకు ఆశ పుట్టింది. ఏ వాసనైతే మా ఇద్దరి జీవితమో, అది చూపిస్తే ఎందుకు రాదూ అనుకున్నాను. అప్పుడే చీల్చిన గడలోంచి తడి పెంట ఇంత తీసి, అరచేతిలో పెట్టుకుని, ఆయన మొహం దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వాసన చూశారు. ముక్కు చిట్లించారు. నా మొహంలోకి చూసి, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా, “అమ్మా, ఇది బాగా లేదండీ. చేతులు కడుక్కోండి” అన్నారు.

కడుక్కున్నాను. ఏం చేస్తాను?

ఒకరోజు ఆయన బోనుల తలుపులు తీసేశారు. ఒక తరం ఈగలన్నీ కిటికీలోంచి వెళ్లిపోయాయి. ఈ ఆడవాళ్లు ఎవరూ నాతో ఒక్క మాట అనలేదు, పై వాళ్లకు చెప్పలేదు, ఆదివారం కూడా వచ్చి పని చేసి లోటు పూడ్చారు. ఒరెస్తెస్ గారూ, ఇప్పుడు మీకు తెలిసింది, నేను ఎలాగూ వెళ్లిపోతున్నాను కాబట్టి ఏమీ చెయ్యలేరు. (నవ్వులు) ఆ తర్వాత ఆయన్ని ఇంట్లోనే ఉంచాను. పక్కింటి తోమాసా పగలు వచ్చి కూర్చునేది.

మన ఒరెస్తెస్ గారు ఎంతో అభిమానంతో నన్ను ఇంకొన్నాళ్లు ఉండమన్నారు. కాదన్నందుకు కొందరికి కోపం వచ్చిందని విన్నాను. నా తర్వాత ఈగల ఇల్లు చూసుకోబోయే యుస్లేదీ నా కంటే బాగా చేస్తుంది, ఆ బెంగ నాకు లేదు. నేను వెళ్లడానికి కారణం వేరు. తోమాసా ఒకరోజు నాతో అంది, “అక్కా, పగలంతా ఆయన ఒక్క చోట కూర్చోడు. వంటింట్లోకెళ్తాడు, పెరట్లోకెళ్తాడు, మంచం కింద కూడా చూస్తాడు. ఏం కావాలన్నా అంటే, ‘నెరేయిదా ఎక్కడుందో చూశావా’ అంటాడు.”

నేను సాయంత్రం ఇంటికి వెళ్తానా, ఆయన తలుపు తీస్తారు. ఎంతో గౌరవంగా కుర్చీ జరుపుతారు. “కూర్చోండి, మా ఆవిడ వచ్చే వేళయింది, కాఫీ తాగి వెళ్దురుగాని” అంటారు. నేను కూర్చుంటాను. మొదట్లో, “నేనే కదా ఎవెలియో, నెరేని” అనేదాన్ని. అప్పుడు ఆయన భయపడేవారు, ఎవరో తనను మోసం చేస్తున్నట్టు. అందుకని మానేశాను. ఇప్పుడు ఇద్దరం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాం, నా కోసం.

ఆయన మన మధ్యే ఉండగా నేను ఇలా పోయిన మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నానని తప్పు పట్టకండి. నేను ఇంట్లో ఉంటే ఆయన నన్ను గుర్తుపడతారనే ఆశ నాకు లేదు. డాక్టరుగారు ఆ ఆశ ఉంచలేదు, నేనూ ఉంచుకోలేదు. ఆయన ఎదురుచూసేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆ ఒకరు నేనే ఎందుకు కాకూడదు?

యుస్లేదీ, నీకు చెప్పాల్సింది...

(ఎవెలియో కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.)

ఏమైంది మిగ్దాలియా? ఏమంటున్నారు?

“పొద్దుపోతోందంటున్నాడక్కా. ఇంటి దగ్గర వాళ్లావిడ ఒక్కతే ఉంటుందట, వెళ్లాలట.”

కూర్చోబెట్టకు. చెయ్యి వదులు. వెళ్లనీ. దారి తెలియకపోతే నేను వెనకే వస్తాను.

పెద్దలు క్షమించాలి. చెప్పాలనుకున్న మాటలు ఇంకా ఉన్నాయి, మిగిల్చి వెళ్తున్నాను. యుస్లేదీ, ఏటి అవతలికి వెళ్లడం ఏ ఏడూ మానకు, పని పెరిగిందని చెప్పి కాగితం పరీక్ష ఎగ్గొట్టకు. అతిథులకు, మిల్లుకు, ఈ ఊరికి, నా ఆడవాళ్లకు విడివిడిగా చెప్పవలసిన కృతజ్ఞతలన్నీ ఈ ఒక్క నమస్కారంలో తీసుకోండి. నన్ను కొండల మీంచి దిగిన పరాయి పిల్లలా చూడలేదు మీరు. అది మరిచిపోను.

ఒరెస్తెస్ గారూ, బయట మెట్టొకటి విరిగి ఉంది, బాగు చేయించండి. చీకట్లో ఆయనకు కనపడదు. నేను వెళ్లి పట్టుకోవాలి.

ఎవెలియో, ఆగు. నేనూ అటే వస్తున్నాను.

సెలవు.